మబ్బుల మీద పరిశోధన చేస్తానంటున్న అమ్మాయిని ఏ డిగ్రీలో చేర్చాలి?

ప్రశ్న: మాది కావలి. మా పాప ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. ఏరోసోల్స్ (గాలిలో తేలే సన్నటి రేణువులు), మబ్బుల మీద పనిచేసే ఒక శాస్త్రవేత్త ప్రసంగం విన్నప్పటి నుంచి తానూ అదే చేస్తానంటోంది. డిగ్రీలో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ తీసుకుంటుందట. మేమేమో బీటెక్ కంప్యూటర్స్ అయితే నయమనుకుంటున్నాం. ఎన్నేళ్లు చదవాలి, ఉద్యోగం వస్తుందా? మధ్యలో పెళ్లి చేస్తే చదువు ఆగిపోతుందేమోనని కూడా బెంగగా ఉంది.

జవాబు: మీ అమ్మాయి ఎంచుకున్న రంగం మంచిదేనండి. చిక్కంతా ఆ డిగ్రీతోనే. ఏరోసోల్స్ పరిశోధన పేరుకు పర్యావరణం కిందికి వస్తుంది గానీ, అందులో రోజూ చేసే పని ఫిజిక్సు, లెక్కలు, ప్రోగ్రామింగు. డిగ్రీ కాలేజీల్లో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ తరచుగా బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీలతో జత కలిపి ఉంటుంది. లెక్కలు వదిలేసి అందులో చేరితే మూడేళ్ల తర్వాత వాతావరణ శాస్త్రంలో ఎమ్మెస్సీకి దరఖాస్తు పెట్టేటప్పుడు చాలాచోట్ల అర్హత దగ్గరే ఆగిపోతారు. ఎక్కువమంది పిల్లలు దెబ్బతినేది ఇక్కడే. ఏ దారిలో వెళ్లినా డిగ్రీ పూర్తయ్యేదాకా లెక్కలు, ఫిజిక్సు రెండూ చేతిలో ఉండాలి.

ఎందుకంత అవసరమో మీ చుట్టూ ఉన్న గాలినే చూడండి. తీరంలో అల విరిగినప్పుడు పైకి లేచే ఉప్పు తుంపర, చీమకుర్తి క్వారీల రాతి దుమ్ము, టంగుటూరు, కొండపి వైపు పొగాకు ఆరబెట్టే బ్యారన్లలో కట్టెలు మండినప్పుడు వచ్చే పొగ, కృష్ణపట్నం దగ్గర బొగ్గుతో నడిచే థర్మల్ కేంద్రాల చిమ్నీల్లోంచి వచ్చి గాలిలో సల్ఫేటుగా మారే సల్ఫర్ డయాక్సైడ్, ఇలా తయారైన రేణువులన్నీ ఏరోసోల్సే. వీటి సైజు కొన్ని నానోమీటర్ల నుంచి పదుల మైక్రాన్ల దాకా ఉంటుంది (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్, అందులో వెయ్యో వంతు ఒక నానోమీటర్). మబ్బు పుట్టాలంటే ఇవి ఉండి తీరాలి. రేణువన్నదే లేని గాలిలో ఆవిరి తనంతట తాను బిందువు కావాలంటే తేమ 400 శాతం దాకా పోవాలి. ఉప్పు, సల్ఫేటు లాంటి రేణువు ఆధారంగా దొరికితే 100 శాతం కొద్దిగా దాటగానే బిందువు తయారవుతుంది. మామూలు మబ్బుల్లో తేమ 101 శాతం కూడా దాటదు.

అసలు ప్రశ్న ఆ తర్వాత మొదలవుతుంది. మబ్బు బిందువు వ్యాసం సుమారు 20 మైక్రాన్లు, వాన చినుకుది సుమారు 2 మిల్లీమీటర్లు. అంటే పది లక్షల బిందువులు కలిస్తే ఒక చినుకు. పొగ ఎక్కువైతే ఉన్న నీటినే ఎక్కువ రేణువులు పంచుకుంటాయి. బిందువులు చిన్నవై, మబ్బు మరింత తెల్లగా మారి, ఎండను ఎక్కువగా తిప్పి పంపుతుంది. 1970లలో ట్వూమీ అనే శాస్త్రవేత్త చెప్పిన సంగతి ఇది. అంత చిన్న బిందువులు ఒకదానితో ఒకటి తొందరగా కలవవు కాబట్టి వాన ఆలస్యం కావచ్చు. పెద్ద ఉప్పు రేణువులు దీనికి ఎదురు పనిచేస్తాయి. వాటి మీద మొదటి నుంచే పెద్ద బిందువులు పుట్టి, చిన్నవాటిని కలుపుకుంటూ వాన తొందరగా మొదలవడానికి దోహదం చేస్తాయి. నల్లటి మసి ఎండను పీల్చి చుట్టూ గాలిని వేడెక్కిస్తే మబ్బే ఆవిరైపోవచ్చు. మీ తీరంలో ఉప్పు, పొగ, మసి మూడూ ఉన్నాయి. ఏడాది వానలో పెద్ద వాటా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతోనే పడుతుంది. ఇక్కడి మబ్బులో ఏ రేణువు పని ఎంతన్నది లెక్క తేల్చడానికి ఒక జీవితం పెట్టవచ్చు. ప్రపంచం మొత్తానికి చూసినా లెక్క ఇంకా బిగుసుకోలేదు. 1750 నుంచి 2019 దాకా ఏరోసోల్స్ భూమిని చల్లబరిచిన ప్రభావం చదరపు మీటరుకు సుమారు 1.1 వాట్లని ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పు సంఘం ఐపీసీసీ 2021 నివేదిక చెబుతుంది. కానీ అది 0.4 నుంచి 1.7 దాకా ఎంతైనా కావచ్చని కూడా అదే నివేదికలో ఉంది. కార్బన్ డయాక్సైడ్ వేడెక్కించిన లెక్క (2.16 వాట్లు) మాత్రం ఇంతకంటే చాలా కచ్చితంగా తెలుసు. ఏరోసోల్స్ దగ్గర ఉన్న ఆ వెడల్పును తగ్గించడమే ఈ పరిశోధన.

ఇక రోజువారీ పని ఎలా ఉంటుందో అమ్మాయికి ముందే తెలియాలి. విమానమెక్కి మబ్బుల్లోకి వెళ్లే రోజులు చాలా తక్కువ. ఎక్కువ కాలం పరికరం ఇచ్చిన అంకె నిజమా కాదా అని తేల్చుకోవడంలోనే గడుస్తుంది. వానాకాలంలో వంటింట్లో ఉప్పు చెమ్మగిల్లడం మీరు చూసే ఉంటారు. తేమ 75 శాతం దాటితే ఉప్పు రేణువు నీటిని పీల్చుకుని కరిగిన బొట్టు అవుతుంది. గాలిలోనూ జరిగేది అదే. జనవరి తెల్లవారుజామున కావలిలో తేమ 90 శాతం దాటినప్పుడు, లేజరు కాంతితో కొలిచే చవక సెన్సరు పీఎం 2.5 (2.5 మైక్రాన్లు, అంతకంటే చిన్న రేణువుల మోతాదు) బాగా పెరిగిపోయిందని చూపిస్తుంది. పెరిగింది దుమ్ము కాదు, దాని మీద చేరిన నీరు. మధ్యాహ్నానికి అంకె దానంతట అదే పడిపోతుంది. అందుకే సెన్సరు పక్కనే తేమ కొలిచేది కూడా పెట్టి, 80 శాతం పైబడిన రీడింగులను విడిగా చూస్తారు. ఫిల్టర్ కాగితం మీద దుమ్ము పట్టి తూచే పద్ధతిలో అయితే ఫిల్టరును తూకానికి ముందు, తర్వాత 24 గంటల పాటు ఒకే తేమ, ఒకే ఉష్ణోగ్రత ఉన్న గదిలో ఉంచాలి. ఆ ఒక్క మెట్టు ఎగ్గొడితే కొలిచిన దుమ్ము బరువులో నీటి బరువు కూడా కలుస్తుంది. ఇలాంటి చాదస్తం ఇష్టమైన పిల్లలే ఈ రంగంలో నిలబడతారు.

డబ్బు ఖర్చు లేకుండా ఆ ఇష్టాన్ని పరీక్షించే మార్గం ఒకటుంది. నాసా నడిపే ఏరోనెట్ అనే నెట్‌వర్కు సూర్యకాంతిని రేణువులు ఎంత అడ్డుకుంటున్నాయో కొలుస్తుంది. డేటా ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు. కాన్పూర్ కేంద్రం 2001 నుంచి ఉంది. ఆ కేంద్రానిది లెవెల్ 2.0 (పూర్తిగా సరిచూసిన) రోజువారీ సగటు ఫైలు తీసుకోమనండి. అందులో ఏరోసోల్ ఆప్టికల్ డెప్త్ (రేణువులు కాంతిని అడ్డుకున్న మేర), 440–870 ఆంగ్‌స్ట్రామ్ ఎక్స్‌పోనెంట్ (రేణువుల సైజు చెప్పే అంకె) అనే రెండు కాలమ్స్ తీసుకుని నెలవారీ సగటు కట్టి గ్రాఫ్ గీయాలి. రెండు చోట్ల ఇరుక్కుంటుంది. మొదటిది, కొలత లేనిచోట ఫైలులో -999 అని ఉంటుంది. దాన్ని తీసేయకుండా సగటు కడితే జవాబు మైనస్‌లో వస్తుంది. రెండోది, తేదీ రోజు:నెల:సంవత్సరం అని కోలన్లతో ఉంటుంది, ఎక్సెల్ దాన్ని తేదీగా గుర్తించదు. ఈ రెండూ సరిచేస్తే ఏప్రిల్, మే, జూన్ నెలల్లో ఎడారి దుమ్ము వల్ల ఆ ఎక్స్‌పోనెంట్ 1 కంటే బాగా దిగువకు పడడం, నవంబరు, డిసెంబరుల్లో సన్నటి పొగ వల్ల 1 దాటడం కనిపిస్తుంది. పెద్ద రేణువులైతే తక్కువ, చిన్నవైతే ఎక్కువ, అంతే. పరీక్షలయ్యాక రెండు వారాలు ఇస్తే చాలు. ఆ గ్రాఫ్ వచ్చాక ఇంకో ఊరిది గీయాలని తనకే అనిపిస్తే ధైర్యంగా పంపండి. విసుగొస్తే ప్రసంగం నచ్చిందే గానీ పని నచ్చలేదన్నమాట. అది ఇప్పుడే తెలియడం మేలు.

చేరాల్సిన చోట్లలో మా మొదటి ఓటు తిరుపతి ఐసర్‌కు (కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యా, పరిశోధన సంస్థ). అయిదేళ్ల బీఎస్-ఎంఎస్, ఇంటికి దగ్గర. ప్రవేశం ఐసర్ ఆప్టిట్యూడ్ టెస్టుతో. దరఖాస్తులు సాధారణంగా మార్చి, ఏప్రిల్ ప్రాంతంలో, పరీక్ష మే చివర లేదా జూన్‌లో ఉంటాయి. ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, బయాలజీ నాలుగింటి నుంచి తలా 15 ప్రశ్నలు. ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు 1 కోత. బయాలజీ చూసి ఎంపీసీ పిల్లలు భయపడి దరఖాస్తే పెట్టరు, అది పొరపాటు. మిగతా మూడు గట్టిగా చేసి, బయాలజీలో తెలిసినవి మాత్రం ముట్టుకుంటే సరిపోతుంది.

అక్కడ సీటు రాకపోతే దగ్గర్లో ఉన్న డిగ్రీ కాలేజీలోనే ఫిజిక్స్, మ్యాథ్స్ జతగా బీఎస్సీ చేయించండి. కావలి, నెల్లూరు, ఒంగోలు ఎక్కడైనా పరవాలేదు, కాలేజీ పేరు కన్నా ఈ జత ముఖ్యం. పక్కనే పైథాన్ ప్రోగ్రామింగు నేర్చుకోవాలి. మూడో ఏడు సెప్టెంబరు, అక్టోబరుల్లో ఐఐటీల్లో ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష అయిన జామ్‌కు దరఖాస్తు పెట్టాలి. పరీక్ష ఫిబ్రవరిలో. సెమిస్టర్ పరీక్షల గొడవలో పడి ఆ దరఖాస్తు తేదీ దాటబెట్టుకునే వాళ్లు ఏటా ఉంటారు. జామ్ కాక హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ, మన రాష్ట్ర యూనివర్సిటీలకు ఏపీ పీజీసెట్ ఉన్నాయి. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ మెటియరాలజీ, ఓషనోగ్రఫీ విభాగం ఈ రంగంలో పాత పేరు. తిరుపతి ఎస్వీయూ, అనంతపురం ఎస్కేయూ ఫిజిక్స్ విభాగాల్లోనూ ఏరోసోల్స్ మీద పని జరుగుతోంది. తిరుపతి దగ్గర గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో లైడార్లు (లేజరుతో గాలిలోని రేణువులను కొలిచేవి), పై గాలులను కొలిచే ఎంఎస్‌టీ రాడార్ ఉన్నాయి. పీహెచ్‌డీకి మీకు దగ్గర్లో అంతకంటే మంచి చోటు లేదు.

కాలం లెక్క దాచకుండా చెప్పాలి. ఇప్పుడు 17 అనుకుంటే పీజీ అయ్యేసరికి 22, పీహెచ్‌డీ అయ్యేసరికి 27 లేదా 28. అయితే పీహెచ్‌డీ కాలమంతా మీరు పంపాల్సిన అవసరం ఉండదు. సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధక ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు, ఇంటి అద్దె అదనం. నెట్‌లో భూమి, వాతావరణం, సముద్ర శాస్త్రాలకు విడి పేపరు ఉంది. ఫిజిక్స్ పేపరైనా రాయవచ్చు. ఉద్యోగాలు తక్కువ, పోటీ ఎక్కువ, ఇది వాస్తవం. గాదంకి, తిరువనంతపురం విక్రమ్ సారాభాయ్ కేంద్రంలోని స్పేస్ ఫిజిక్స్ లేబొరేటరీ, పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ ఐఐటీఎం, వాతావరణ శాఖ, యూనివర్సిటీలు ముఖ్యమైన చోట్లు. పర్మనెంట్ పోస్టు దొరికేసరికి 30 దాటడం మామూలే. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు మొదటి మూలవేతనం 57,700, ఇస్రో సంస్థల్లో పీహెచ్‌డీతో చేరే సైంటిస్ట్ ఎస్‌డీకి 67,700. పీహెచ్‌డీ దాకా వెళ్లకపోయినా డేటా పని వచ్చినవాళ్లకు వాతావరణ అంచనాల కంపెనీలు, పర్యావరణ కన్సల్టెన్సీలు ఉన్నాయి. కాలుష్య నియంత్రణ మండలిలో ఇంజనీరు పోస్టుల మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు, వాటికి ఇంజనీరింగ్ డిగ్రీయే అడుగుతారు.

పెళ్లి సంగతి. యూజీసీ నియమాల ప్రకారం పీహెచ్‌డీ చేసే మహిళలకు ప్రసూతి, పిల్లల సంరక్షణ కోసం 240 రోజుల సెలవు ఉంది. మామూలు గడువు మీద రెండేళ్లు అదనంగా కూడా ఇస్తారు. చదువు నిజంగా తెగేది థీసిస్ మధ్యలో, డేటా ఇంకా చేతికి రాకుండా ఊరు మారినప్పుడు. కొలతలు పూర్తయ్యాక మిగిలేది విశ్లేషణ, రాత. అవి ల్యాప్‌టాప్ ఉంటే ఎక్కడి నుంచైనా సాగుతాయి. సంబంధం చూసేటప్పుడు ఆ వరస ఎక్కడిదాకా వచ్చిందో అమ్మాయిని అడిగి ముహూర్తం పెట్టుకోండి. అవతలివాళ్లకు ఇంకా ఎన్నేళ్లు పడుతుందో ముందే చెప్పండి.

మీ మాటే నెగ్గి కంప్యూటర్స్‌లో చేరినా దారి మూసుకుపోదు. మబ్బుల మోడళ్లు నడిపేవి సూపర్ కంప్యూటర్లే, కోడ్ రాయగలవాళ్ల అవసరం అక్కడ చాలా ఉంది. అయితే కంప్యూటర్స్ బీటెక్‌లో ఫ్లూయిడ్ మెకానిక్స్, థర్మోడైనమిక్స్ చెప్పరు కాబట్టి అవి సొంతంగా చదవాలి. ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్‌లో ఎక్స్ఈ (ఇంజనీరింగ్ సైన్సెస్) పేపరు తీసుకుంటే లెక్కల భాగం తప్పనిసరి. మిగతా రెండు విభాగాలుగా ఫ్లూయిడ్ మెకానిక్స్, అట్మాస్ఫియరిక్ అండ్ ఓషనిక్ సైన్సెస్ ఎంచుకోవచ్చు. ఆ స్కోరుతో వాతావరణ శాస్త్రంలో ఎంటెక్‌కు, పీహెచ్‌డీకి వెళ్లవచ్చు. బీఎస్సీ అయినా బీటెక్ అయినా రెండో ఏడాదిలో మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రిసెర్చ్ ఫెలోషిప్‌కు దరఖాస్తు పెట్టించండి. గడువు నవంబరు ప్రాంతంలోనే ముగుస్తుంది. దరఖాస్తులో ఏం చేశావని అడిగినప్పుడు చూపించడానికి ఆ కాన్పూర్ గ్రాఫ్, దాన్ని గీసిన కోడ్ దాచిపెట్టుకోమనండి.