నంబరు వచ్చాకే గౌను

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

ఒంగోలు నుంచి నీవు రాసిన ఉత్తరం అందింది. లా పట్టా చేతికి వచ్చింది గనుక సోమవారం నుంచే మీ సీనియరు గారి తరఫున కోర్టులో వాయిదాలు అడగవచ్చునా అని రాశావు. అడగకూడదు. 1961 నాటి అడ్వకేట్ల చట్టం ప్రకారం ఈ వృత్తి చేసే హక్కు అడ్వకేట్లను నమోదు చేసే రాష్ట్ర బార్ కౌన్సిల్ జాబితాలో పేరున్నవారిదే. పట్టా ఆ జాబితాలో చేరడానికి కావలసిన అర్హత మాత్రమే. ఎవరి కేసు వారు వాదించుకోవచ్చు, ఏదైనా ఒక కేసులో కోర్టు అనుమతిస్తే వేరొకరు మాట్లాడవచ్చు గాని, దాన్ని ప్రాక్టీసు అనరు. ప్లీడర్లు, వకీళ్లు, ముక్తార్లు అనే పాత తరగతుల స్థానంలో అడ్వకేట్లనే ఒకే తరగతిని నిలిపింది ఆ చట్టమే, అయినా కావలిలో నన్ను ఇప్పటికీ ప్లీడరు గారనే పిలుస్తారు.

ఈ తప్పు నేను చేసినదే. నమోదుకు దరఖాస్తు పెట్టి నెల తిరగకముందే, సీనియరు ఎక్కిన బస్సు ఆలస్యమైందని, ఆయన గౌను తగిలించుకొని లేచాను. గౌను చేతులు నా వేళ్లు దాటి వేలాడుతున్నాయి. జడ్జి గారు కాగితాల నుంచి తలెత్తకుండానే ఎన్‌రోల్‌మెంట్ నంబరు, అంటే ఆ జాబితాలోని నా నంబరు, అడిగితే, దరఖాస్తు పెట్టిన తేదీ చెప్పాను. హాలంతా నవ్వింది, మా క్లయింటు మాత్రం నవ్వలేదు. అర్హత లేకుండా కోర్టులో ప్రాక్టీసు చేస్తే అడ్వకేట్ల చట్టం 45వ సెక్షను కింద ఆరు నెలల దాకా జైలు ఉందని ఆ సాయంత్రం సీనియరు చదివి వినిపించారు.

నమోదు రుసుము 750 రూపాయలకు, ఎస్సీ ఎస్టీలకు 125 రూపాయలకు మించకూడదని 2024 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. స్టాంపు ఖర్చు వేరు. ఆపైన ఆలిండియా బార్ పరీక్షను నమోదైన రెండేళ్లలో గట్టెక్కాలి.

మీ నాన్న రొయ్యల మేత ఏజెన్సీ నీ పేరున పెడతానంటున్నాడట, ఒప్పుకోకు. అడ్వకేటు స్వయంగా వ్యాపారం నడపకూడదన్నది బార్ కౌన్సిల్ నియమం. పనిలో చేయి పెట్టని భాగస్వామిగా ఉండవచ్చు, అదీ ఆ వ్యాపారం వృత్తి గౌరవానికి భంగం కాదని కౌన్సిల్ తలిస్తేనే. కోర్టు గేటు దగ్గర కేసులు తెచ్చిపెడతామనే దళారులను దగ్గరకు రానివ్వకు. వారికి మూడు నెలల దాకా జైలు గాని, 500 రూపాయల దాకా జరిమానా గాని, రెండూ గాని వేసే వీలు 2023 సవరణతో అడ్వకేట్ల చట్టంలోకే వచ్చింది.

ఈలోగా కేసు కట్టలు చదువు, వాయిదాల డైరీ రాయి, వెనక బెంచీలో కూర్చొని విను. నంబరు రాగానే గౌను కొలతలు పంపితే ఇక్కడ ట్రంకు రోడ్డులోని మా దర్జీ చేత కుట్టిస్తాను.

మీ పెదనాన్న