వారం మందు వారానికే వేసుకోండి

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 36. ఆర్నెల్లుగా పొద్దున లేవగానే గంటసేపు వేళ్లు ముడుచుకోవు. కుక్కర్ మూత తిప్పలేను, గాజులు ఎక్కట్లేదు. యాంటీ సీసీపీ అనే రక్తపరీక్ష పాజిటివ్, రుమటాయిడ్ కీళ్లవాతం అన్నారు. వారానికోసారి మెథోట్రెక్సేట్ రాశారు. అది క్యాన్సర్ మందని ఫోన్‌లో చూశాక ఒకటే టెన్షన్. మా అత్తయ్య తెచ్చిన పొడితో రెండు రోజుల్లో నొప్పి తగ్గింది. అదే వాడుకోవచ్చా?
— ఒక పాఠకురాలు, పాలకొండ

జవాబు: అమ్మా, ముందు ఆ పొడి సంగతి. అంత త్వరగా నొప్పి లాగేసే పేరులేని పొడుల్లో స్టెరాయిడ్ కలిపి ఉండటం చాలాసార్లు చూశాను. స్టెరాయిడ్ చెడ్డదని కాదు, అసలు మందు అందుకునేదాకా కొద్దిరోజులు మేమూ ఇస్తాం. లెక్కాపత్రం లేకుండా నెలల తరబడి వాడితే ఎముకలు గుల్లబారతాయి, షుగర్ పెరుగుతుంది. ఆ పొట్లం తీసుకెళ్లి మీ డాక్టర్‌కి చూపించండి. చాలా రోజులుగా వేసుకుంటుంటే మాత్రం మీ అంతట మీరు ఒక్కసారిగా మానొద్దు.

మెథోట్రెక్సేట్ క్యాన్సర్‌కి వాడే మాట నిజమే, అక్కడ డోసు చాలా ఎక్కువ. కీళ్లవాతానికి వారానికి 7.5 నుంచి 25 మిల్లీగ్రాములే. మన కీళ్ల మీదే తిరగబడ్డ రోగనిరోధక శక్తిని అది అదుపులో పెడుతుంది. నా భయమల్లా వారం మందును రోజూ మింగేస్తారేమోననే. ఒక పెద్దావిడ చీటీ అర్థంకాక పది రోజులు వరసగా వేసుకుని వచ్చింది. నోరంతా పుండ్లు, జావ కూడా గొంతు దిగట్లేదు. ఆ ముఖం ఇంకా నా కళ్లలోనే ఉంది. అందుకే గోడ మీది క్యాలెండర్‌లో ఆదివారాలకి ఎర్ర పెన్నుతో సున్నా చుట్టండి. ఫోలిక్ యాసిడ్ చెప్పిన రోజున వేసుకోండి, రక్తపరీక్షలు మానొద్దు. గర్భం వచ్చే అవకాశముంటే ముందే చెప్పండి, అప్పుడు ఈ మందు అస్సలు కూడదు.

దీనికి లొంగకపోయినా దిగులు వద్దు. 1992లో లండన్‌లో ఫెల్డ్‌మన్, మైనీ అనే డాక్టర్లు ఒంట్లో వాపును ఎగదోసే టీఎన్ఎఫ్ అనే పదార్థాన్ని అడ్డుకునే ఇంజెక్షన్ ఇచ్చి చూస్తే కీళ్ల వాపులు దిగాయి. అలాంటి ఇంజెక్షనే అయిన అడాలిముమాబ్‌కి తక్కువ ధర రూపం 2014లో మన దేశంలోనే వచ్చింది. వాటికి ముందు టీబీ పరీక్ష తప్పనిసరి, ఎందుకంటే ఆ ఇంజెక్షన్లతో ఒంట్లో నిద్రపోతున్న టీబీ లేచి కూర్చోవచ్చు.

మెథోట్రెక్సేట్ గుణం తెలియడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. అందాకా కుక్కర్ మూత ఇంట్లో ఇంకెవరినైనా తిప్పమనండి.