అమ్మ నగలు కదిలించకు, ముందు మ్యాట్ సంగతి చూడు

ఆటల సందేహాలు
జవాబులు: రిటైర్డ్ ఫిజికల్ డైరెక్టర్, తిరుపతి

ప్రశ్న: సార్, నాకు 31 ఏళ్లు. జిల్లా కబడ్డీ జట్టుకు ఆడాను, మోకాలు దెబ్బతిని మానేశాను. ఇప్పుడు చిత్తూరు పక్కన మా ఊళ్లో సాయంత్రం పూట 22 మంది పిల్లలకు నేర్పిస్తున్నాను. మా ఊరాయన ఒకరు ‘ఇద్దరం కలిసి టీమ్ పెడదాం, కోచ్‌గా నువ్వే ఉండు, సగం డబ్బు నువ్వు పెట్టు’ అంటున్నారు. అమ్మ నగలు కుదువ పెట్టాల్సి వస్తుంది. ఆడినోడే కోచ్, ఓనర్ కూడా అయితే నిలబడతాడా? మంచు మీద ఆడే హాకీలో అట్లాంటి మనిషి ఉన్నారని మీరొకసారి రాశారు. వివరంగా చెప్పండి. మేం ఐస్‌ను ఐస్ ఫ్యాక్టరీలోనే చూసినోళ్లం.
– పేరు వేయొద్దన్న పాఠకుడు, చిత్తూరు

జవాబు: నాయనా, నగల మాట చదివినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. అయినా ముందు ఆ మనిషి గురించే చెప్తాను.

ఆయన పేరు లెస్టర్ పాట్రిక్. 1883లో కెనడాలో పుట్టారు. మాంట్రియల్ వాండరర్స్ జట్టు 1906, 1907లో స్టాన్లీ కప్ గెలిచినప్పుడు అందులో ఆడారు. ఆ ఆటలో అంతకన్నా పెద్ద కప్పు లేదు. పేరొచ్చింది, డబ్బూ వచ్చింది. అట్లాంటి ఆటగాడు 1911లో తమ్ముడు ఫ్రాంక్‌తో కలిసి సొంతంగా లీగ్ పెట్టాలనుకున్నారు. వాళ్ల నాన్నది కలప వ్యాపారం. దాన్ని అమ్మిన డబ్బే పెట్టుబడి.

ఆ డబ్బుతో వాళ్లు మొదట కట్టింది ఐస్ రింకులు, అంటే మంచు పరిచిన ఆట స్థలాలు. పసిఫిక్ తీరంలో ఉన్న విక్టోరియా, వాంకూవర్ ఊళ్లలో చలికాలం మెత్తగా ఉంటుంది, చెరువులు గట్టిగా గడ్డకట్టవు. ఆట కావాలంటే ఐస్‌ను తయారు చేసుకోవాల్సిందే. నువ్వు చూసిన ఐస్ ఫ్యాక్టరీలో ఉప్పునీళ్లను బాగా చల్లబరిచి, ఆ తొట్టిలో మంచినీళ్ల డబ్బాలు దించుతారు కదా? రింకులో జరిగేదీ దాదాపు అదే. నేల అడుగున గొట్టాలు పరిచి, చల్లటి ఉప్పునీళ్లు తిప్పుతారు. పైన పల్చగా నీళ్లు పోస్తే అది గడ్డకడుతుంది. మళ్లీ పోస్తారు, మళ్లీ గడ్డకడుతుంది. అట్లా పొర మీద పొర. విక్టోరియా రింకు 1911 క్రిస్మస్ రోజున తెరుచుకుంది. వారం దాటగానే, 1912 జనవరి 2న, అక్కడే లీగ్ తొలి మ్యాచ్. మ్యాచ్‌లు లేని రోజుల్లో జనం టికెట్ కొనుక్కుని ఆ ఐస్ మీదే స్కేటింగ్ చేసేవాళ్లు. ఈ ముక్క కింద గీత గీసుకో.

విక్టోరియాలో ఆయనే ఆటగాడు, ఆయనే కోచ్, ఆయనే ఓనర్. అన్నదమ్ములు రూల్స్ కూడా మార్చారు. ఆ ఆటలో బంతి బదులు పక్ అనే రబ్బరు బిళ్ల ఉంటుంది. గోల్‌కీపర్ కింద పడి దాన్ని ఆపితే అప్పట్లో తప్పు. తమ లీగ్‌లో ఆ రూల్ తీసేశారు. 1925లో ఆయన జట్టు విక్టోరియా కూగర్స్ స్టాన్లీ కప్ గెలిచింది. అయినా చిన్న ఊళ్ల టికెట్ డబ్బు పెద్ద నగరాల జీతాలతో ఎట్లా పోటీ పడుతుంది? కప్ గెలిచిన మరుసటి ఏడాదే, 1926లో, అప్పటికి ఆ జట్టు ఆడుతున్న పశ్చిమ లీగ్ మూతపడింది. ఆటగాళ్లను అమ్మేశారు. విక్టోరియా వాళ్లు డెట్రాయిట్‌కు వెళ్లారు. పాట్రిక్ న్యూయార్క్ రేంజర్స్ జట్టులో కోచ్‌గా, మేనేజర్‌గా చేరారు. అంటే ఓనర్‌గా ఉన్నాయన మళ్లీ జీతానికి వెళ్లారు. ఆయన జీవితంలో నాకు ఎక్కువ గౌరవం కలిగించేది ఇదే.

1928 ఏప్రిల్‌లో మాంట్రియల్‌లో స్టాన్లీ కప్ ఫైనల్ రెండో మ్యాచ్. రేంజర్స్ గోల్‌కీపర్ లోర్న్ షాబో కంటికి పక్ తగిలింది. అప్పట్లో జట్టుకు ఒక్క గోల్‌కీపరే. మ్యాచ్ చూడ్డానికొచ్చిన వేరే జట్టు కీపర్‌ను ఆడించుకుంటామంటే అవతలివాళ్లు ఒప్పుకోలేదు. 44 ఏళ్ల పాట్రిక్ తానే ప్యాడ్లు కట్టుకుని గోల్‌లో నిలబడ్డారు. ఆయన ఆడే రోజుల్లో డిఫెన్స్ ఆటగాడు. ఆ మ్యాచ్‌ను ఓవర్‌టైమ్‌లో 2-1తో గెలిచారు, చివరికి కప్పూ గెలిచారు. నాకైతే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. నువ్వు మాత్రం ఆ మోకాలితో మళ్లీ కోర్టులో దిగొద్దు.

ఇక నా సంగతి. చాలా ఏళ్ల కింద తిరుపతిలో ఒకాయన స్థలం బాడుగకు తీసుకుని షటిల్ కోర్టు వేశాను. నేల చదును చేయించాను, సిమెంటు వేయించాను, లైట్లు పెట్టించాను. అంతా నోటి మాట మీదే. రెండో ఏడాది పిల్లలు బాగా రావడం చూసి ఆయన బాడుగ రెట్టింపు అడిగాడు. నేను ఇవ్వలేకపోయాను. సిమెంటు నేలను పెకలించుకుని తెచ్చుకోలేం కదా! ఆ ఏడాది మా ఇంటావిడ పడిన టెన్షన్ తలచుకుంటే ఇప్పటికీ బాధే.

అందుకే ఇంత చెప్తున్నాను. మీ ఊరాయన అడుగుతున్నది టీమ్‌లో సగం. టీమ్ అంటే ఏంటి? పేరు, జెర్సీలు, పది మంది పిల్లల ఇష్టం. సీజన్ బాగా జరగకపోతే పంచుకోవడానికి ఏమీ మిగలదు. పాట్రిక్ ముందు ఐస్ కొన్నారు. నీకు ఐస్ అంటే మ్యాట్. మగవాళ్ల కబడ్డీ కోర్టు 13 మీటర్లు, 10 మీటర్లు. మీటరు చదరం ముక్కలైతే కోర్టు వరకే 130 కావాలి, చుట్టూ ఖాళీకి ఇంకొన్ని. అన్నీ ఒకేసారి కొనక్కర్లేదు. పిల్లలు ఇచ్చే ఫీజులోంచి కొద్దికొద్దిగా కొను, అందాకా మట్టిలోనే నేర్పించు. బిల్లు నీ పేరు మీద ఉండాలి. స్థలం విషయంలో తేడా వచ్చినా ముక్కలు విప్పి ట్రాక్టర్‌లో వేసుకుని వచ్చేయొచ్చు. పొద్దున పక్క స్కూళ్ల వాళ్లకు బాడుగకు ఇవ్వొచ్చు.

ఆయనకు నీ మీద నిజంగా నమ్మకముంటే డబ్బంతా ఆయనే పెట్టి, నీకు కోచ్ జీతం ఇవ్వమను. ఒక ఏడాది అట్లా చేసి చూడు. జీతానికి పనిచేయడం చిన్నతనం అనుకోవద్దు. అమ్మ నగలు అమ్మ దగ్గరే ఉండనీ. ఇప్పటికే ఏదైనా అగ్రిమెంట్ కాగితం రాసుంటే జెరాక్స్ తీసి పత్రిక చిరునామాకు నా పేరు మీద పంపు, చదివి చెప్తాను. అంతవరకు సంతకం పెట్టొద్దు.