కణం విభజిస్తుందా, విభజన చెందుతుందా?

సందేహం: మా అమ్మాయి ఇక్కడే డిగ్రీ చదువుతోంది. ఉల్లి వేరు కొనను సూక్ష్మదర్శినిలో చూసి వచ్చి, 'మొక్క కణం ఎక్కడ విభజించాలో ముందే నిర్ణయిస్తుంది' అని రికార్డులో రాసింది. 'విభజన చెందాలో' అనాలి కదా అన్నాను. పుస్తకంలో అలాగే ఉందంటుంది. ఏది ఒప్పు? అసలు కణం 'నిర్ణయించడం' ఏమిటండీ?
– ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

సమాధానం: మీరన్నదే ఒప్పమ్మా. 'విభజించు' సకర్మక క్రియ. 'దేన్ని?' అని అడిగితే వాక్యంలో జవాబు దొరకాలి. 2014లో రాష్ట్రాన్ని విభజించారు అన్నాం, రాష్ట్రం విడిపోయింది అన్నాం. 'రాష్ట్రం విభజించింది' అని ఎవరి నోటా రాలేదు. అయినా మీ అమ్మాయి పొరపాటు సహజమే. జన్మించు, మరణించు, వికసించు – వీటికి చివర 'ఇంచు' ఉన్నా కర్మ అక్కర్లేదు. పువ్వు వికసిస్తుంటే కణం విభజించకూడదా అని చెవికి అనిపిస్తుంది. పైగా ఇంగ్లీషులో ఈ రెండు పనులకూ ఒకటే క్రియ. పాఠాలు అక్కడినుంచి వచ్చినప్పుడు తేడా చెరిగిపోయింది.

మొక్క సంగతికొస్తే 'విభజన చెందు' కూడా నాకు పూర్తి తృప్తినివ్వదు. జంతుకణం నడుము దగ్గర నొక్కుకుపోయి రెండవుతుంది. మొక్క కణం చుట్టూ గట్టి గోడ ఉంటుంది కాబట్టి అది కుదరదు. నడిమధ్యన ఒక పలక మొదలై, అంచుల దాకా పెరిగి, అడ్డుగోడ అవుతుంది. అన్నదమ్ములు వాటాలు పంచుకుని ఉమ్మడి ఇంట్లో అడ్డుగోడ కట్టుకుంటారే, అలాగ. ఆ 'కట్టుకుంటారు'లోని 'కొను' మన భాషకున్న గొప్ప బలం: పని చేసేదీ, ఫలం పొందేదీ ఒకరేనని ఒక్క ముక్కలో చెప్పేస్తుంది. 'కణం అడ్డుగోడ కట్టుకుని రెండవుతుంది' అంటే వ్యాకరణమూ నిలుస్తుంది, జరిగేదీ కళ్లకు కడుతుంది.

ఆ గోడ ఎక్కడ పడాలన్నది నిజంగానే ముందే తేలిపోతుంది. కేంద్రకం ఇంకా విడిపోకముందే, కణం లోపలి అంచున సూక్ష్మనాళికలు అనే సన్నని ప్రొటీన్ గొట్టాలు నడికట్టులా ఒక పట్టీగా చుట్టుకుంటాయి. 1966లో పికెట్-హీప్స్, నార్త్‌కోట్ అనే శాస్త్రవేత్తలు గోధుమ మొక్కలో దీన్ని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూశారు. క్రోమోజోములను రెండు వైపులకూ లాగే కండె ఏర్పడే వేళకు (నేతవాళ్ల నూలు కండె పేరే పాఠ్యపుస్తకాల్లోకి వచ్చింది, చక్కని మాట) ఆ పట్టీ మాయమవుతుంది. కానీ కొత్త గోడ వచ్చి సరిగ్గా పట్టీ ఉన్న చోటే పాత గోడకు అతుక్కుంటుంది. మేస్త్రి పోసిన ముగ్గు చెరిగిపోయినా పాతిన మేకులు మిగిలినట్టు, కొన్ని ప్రొటీన్లు అక్కడ గుర్తుగా ఉండిపోతాయి. మొక్కజొన్నలో బయటపడిన 'టాంగిల్డ్' అలాంటిదే. అది లోపిస్తే గోడలు వంకరగా పడతాయి. మామూలుగా రంగు వేసిన ఉల్లి స్లైడులో ఈ పట్టీ కనిపించదని అమ్మాయికి చెప్పండి, వెతికి టెన్షన్ పడకుండా.

ఇక 'నిర్ణయిస్తుంది'. మనం ఇంకొకరి విషయం నిర్ణయిస్తాం, మన విషయం నిర్ణయించుకుంటాం. కణం తన గోడ చోటునే తేల్చుకుంటోంది కనుక ఇక్కడా 'కొను' ఉండాలి: 'నిర్ణయించుకుంటుంది'. కణానికి మనసు అంటగట్టినట్టుందని మీకనిపిస్తే, రికార్డులో ఇలా రాయించండి: 'మొక్క కణంలో అడ్డుగోడ ఎక్కడ పడాలో ముందే ఖరారవుతుంది.'