బూజు గడ్డి అమ్మాడు, ఆవు ఈసుకుపోయింది: నష్టం రాబట్టుకోవచ్చా?

ప్రశ్న: మాది చంద్రగిరి దగ్గర పల్లె. నాలుగు జెర్సీ ఆవులున్నాయి, పాలు పోసుకునే బతుకుతున్నాం. డిసెంబరులో శ్రీకాళహస్తి వైపు వ్యాపారి ఒకాయన దగ్గర 300 వరిగడ్డి కట్టలు తెప్పించుకున్నాను. వానలకు ముందు కోసిన గడ్డి అని చెప్పి వాట్సాప్‌లో ఫోటోలు పెట్టాడు. 30,000 రూపాయల్లో 20,000 ఫోన్‌లోనే పంపాను. పైకట్టలు బాగున్నాయి, వారం తర్వాత కింది కట్టలు విప్పితే లోపలంతా నలుపు, తెల్లబూజు, ముక్కిన వాసన. అప్పటికే కొంత మేపేశాం. పాలు తగ్గాయి, ఏడు నెలల చూడి ఆవు ఈసుకుపోయింది. అడిగితే ‘దించేటప్పుడు చూసుకున్నారు కదా’ అంటున్నాడు, పైగా మిగతా 10,000 ఇమ్మంటున్నాడు. మా ఆయనేమో ఎండబెట్టి ఉప్పునీళ్లు చల్లి మేపుదామంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ముందుగా ఆఖరి మాటకే జవాబు చెప్తాను, ఎందుకంటే మీ కేసు సగం దాని మీదే ఉంది. ఆ గడ్డి ఇక ఒక్క పిడికెడు కూడా వేయకండి. ఎండబెడితే తడి పోతుంది, బూజు వదిలిన విషం పోదు, ఉప్పునీళ్లకూ పోదు. చట్టం వైపు నుంచి చూసినా అంతే. బూజు కనబడక ముందు మేపినదానికి వ్యాపారిని అడగొచ్చు. కనబడ్డాక కూడా మేపితే ఆ తర్వాత జరిగే నష్టం మీ నెత్తినే పడుతుంది, ఎందుకంటే 1872 కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ ప్రకారం నష్టం అడిగేవాళ్లు దాన్ని తగ్గించుకోవడానికి తమ చేతిలో ఉన్నది చేశారా అని కూడా కోర్టు చూస్తుంది. అందుకే కట్టలు విప్పి బూజు చూసిన తేదీ ఏదో ఇంట్లో అందరూ కూర్చుని గుర్తు చేసుకుని ఈరోజే రాసిపెట్టుకోండి.

ఇంకో మాట, అది తెలిసి మేపితే 1960 జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద మీ మీదే ఫిర్యాదు రావచ్చు. తెలియక మేపినదానికి ఆ భయం అక్కర్లేదు. మంచిగడ్డిలో కలిపి వేరేవాళ్లకు అమ్మేద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, ఆ వ్యాపారి మీకు చేసిందే మీరు ఇంకొకరికి చేసినట్టు. పాల సంగతి కూడా ఉంది. కొన్ని బూజుల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉంటుంది, అది మేతలోంచి పాలల్లోకి దిగుతుంది, పాలల్లో అది కిలోకు 0.5 మైక్రోగ్రాములు దాటకూడదు. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం పశువుల మేతకు వర్తించదు గానీ పాలకు వర్తిస్తుంది. ఆ పాలు పసిపిల్లలు కూడా తాగుతారు.

‘దించేటప్పుడు చూసుకున్నారు కదా’ అనే మాటకు వద్దాం. 1930 వస్తు విక్రయ చట్టం 16వ సెక్షన్ ప్రకారం, మీరు ఆవుల మేతకని చెప్పి, ఆ వ్యాపారమే చేసే మనిషిని నమ్మి కొంటే, సరుకు మేతకు పనికొచ్చేదిగా ఉండాల్సిందే. రాతపూర్వకంగా హామీ ఇవ్వకపోయినా ఉన్నట్టే. కొనేవాళ్లు చూసి తీసుకుంటే ఆ చూపుకు తెలియాల్సిన లోపాలకు మాత్రం అమ్మినవాడి బాధ్యత ఉండదు. బేలర్‌తో బిగించిన కట్ట లోపల బూజు ఉందో లేదో లారీ పక్కన నిలబడి ఎవరు చెప్పగలరు? కానీ ఆ రోజే కింది కట్టలు తడిగా, బరువుగా తగిలాయా అని అవతలి లాయరు తప్పకుండా అడుగుతాడు, దించిన కూలీలను ఇప్పుడే అడిగి నిజం తెలుసుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు ఈశాన్య వానలు పడతాయని గడ్డి అమ్మేవాడికి తెలియకపోదు, ఆ వాదన మీకు పనికొస్తుంది.

మిగతా 10,000 ఇప్పుడే ఇవ్వకండి. అదే వస్తు విక్రయ చట్టం 59వ సెక్షన్ ప్రకారం సరుకు లోపానికి తగ్గట్టు ధర తగ్గించమనే హక్కు మీకుంది. కానీ ఊరికే ఫోన్ ఎత్తకుండా ఉంటే మీరే ఎగ్గొట్టినట్టు కనబడుతుంది. రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి, వాట్సాప్‌లోనూ పెట్టండి: ఏ తేదీన కొన్నారు, ఏ తేదీన బూజు చూశారు, ఎన్ని కట్టలు మిగిలాయి, పదిహేను రోజుల్లో వచ్చి చూసి తీసుకెళ్లమని.

నాకు అసలు టెన్షన్ ఆవు విషయంలోనే. బూజు మేతతో చూడి పోయే మాట నిజమే, కానీ బ్రూసెల్లోసిస్ లాంటి జబ్బులతో కూడా పోతుంది, అవతలివాళ్లు మొదట అనేది అదే. కాబట్టి ఆవు రక్తం పరీక్ష చేయించండి. తిరుపతి వెటర్నరీ కాలేజీ మీకు దగ్గరే, అక్కడ చూపించి చీటీ రాయించుకోండి. అంత దూరం తీసుకెళ్లలేకపోతే పశువైద్య సేవల నంబరు 1962కి ఫోన్ చేసి డాక్టరునైనా పిలిపించండి. ఆ కాగితం లేకపోతే గడ్డి డబ్బు వస్తుందేమో గానీ దూడ నష్టం రావడం కష్టం. ఐదారు కట్టల నడిమధ్య నుంచి గడ్డి తీసి కాగితం సంచుల్లో కట్టి, తేదీ వేసి, ఇద్దరు సాక్షులతో సంతకం పెట్టించండి. ప్లాస్టిక్ కవరు వద్దు, అందులో బూజు ఇంకా పెరుగుతుంది. వాట్సాప్ మాటలు, ఫోటోలు ఏవీ తుడిపేయకండి.

కేసు ఎక్కడ వేయాలంటే, వినియోగదారుల కమిషన్‌లో. పాలు అమ్ముకుంటున్నారు కాబట్టి మీది వ్యాపారం, మీరు వినియోగదారు కాదు అని వాదిస్తారు. 2019 చట్టమే స్వయం ఉపాధితో బతికేవాళ్లను వినియోగదారులుగా ఒప్పుకుంటోంది, నాలుగు ఆవులను మీ చేతులతో మీరే సాకుతున్నారు. 2012లో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు విత్తనాలు కొన్న అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులను వినియోగదారులే అంది. మీరుండే చోటే ఫిర్యాదు వేయొచ్చు, గడువు రెండేళ్లు, 5 లక్షల లోపు సరుకుకు ఫీజు లేదు. పోలీసు కేసు మీద ఆశ పెట్టుకోకండి, అమ్మేటప్పుడే మోసం చేయాలనే ఉద్దేశం ఉందని నిరూపించాలి. పంపిన ఫోటోలు వేరే గడ్డివని తేలితే అప్పుడు ఆలోచిద్దాం.

కమిషన్ కంటే ముందు కోర్టు ప్రాంగణంలోని న్యాయ సేవా కమిటీకి వెళ్లండి. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును పెడతారు, ఫోన్ 15100. ఆ వ్యాపారిని పిలిపించి లోక్ అదాలత్‌లో రాజీ కుదిరిస్తే అది కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు. అందుకే మొత్తం ఎంతో లెక్క వేసుకోకుండా సంతకం పెట్టకండి: గడ్డి ధర, తగ్గిన పాలు (పాలకేంద్రం పుస్తకంలో రోజువారీ లెక్క ఉంటుంది), వైద్యం ఖర్చు, పోయిన చూడి.

నోటీసు గడువు ముగిసేదాకా కట్టలు తగలబెట్టకండి, ఆవులకు పరుపుగా కూడా వేయకండి. వామికి దూరంగా పెట్టి పట్ట కప్పండి, ముట్టుకునేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి. గడువు దాటాక పది కట్టలు సాక్ష్యానికి ఉంచుకుని మిగతావి ఎరువుదిబ్బలో వేసేయొచ్చు.