తాతయ్య గ్లాసు విడిగా పెట్టాలా?

ప్రశ్న: మా తాతయ్యకు 74 ఏళ్లు. కుష్ఠు సోకడంతో చిన్న వయసులోనే ఊరు విడిచి కుష్ఠు రోగుల కాలనీలో చేరారు. పూర్తి కోర్సు మందులు వాడి ముప్పై ఏళ్లు దాటింది. ఇప్పుడు ఇంటికి తెచ్చుకుందామంటే బంధువులు వద్దంటున్నారు. వేళ్లు వంకరపోయాయి, అరికాలి పుండు మానడం లేదు. మా పాపకు రెండేళ్లు. మేం వెళ్లినప్పుడల్లా తాతయ్య తన గ్లాసు తానే కడిగి విడిగా బోర్లిస్తారు. ఆయనతో ప్రమాదం ఉందా?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్ జిల్లా

జవాబు: లేదు, తీసుకురండి. పాపను ఆయన ఒళ్లో కూర్చోబెట్టండి. చికిత్స తీసుకోని రోగితో నెలల తరబడి దగ్గరగా మెలిగితేనే, అదీ ముక్కు, నోటి తుంపరల వల్ల, కుష్ఠు సోకుతుంది. చాలామంది శరీరాలు దాన్ని సొంతంగానే అడ్డుకుంటాయి. మీ తాతయ్య ఒంట్లో ఆ క్రిమి ఎప్పుడో చచ్చింది.

వేళ్ల వంకర ఆ క్రిమి నరాలను దెబ్బతీసి వదిలిన గుర్తు. ముఖాన మశూచి మచ్చలున్న ముసలమ్మను చూసి అమ్మవారు సోకుతుందని ఎవరైనా పారిపోయారా?

నా దిగులంతా ఆ పుండు గురించే. పాదంలో స్పర్శ ఉండదు కాబట్టి చెప్పులో రాయి దూరినా తెలియదు, దానిమీదే రోజంతా నడుస్తారు. ఎముకకు చీము పట్టిందేమో ఎక్స్‌రే తీయించండి, షుగర్ చూపించండి. ఏళ్ల తరబడి మానని పుండు క్యాన్సర్‌గా మారే అవకాశం కొంత ఉంది, కాబట్టి డాక్టరు ముక్క పరీక్ష చేయిద్దామంటే ఒప్పుకోండి. మానేదాకా ఆ కాలిమీద బరువు పడకూడదు. తరువాత మెత్తటి రబ్బరుతో చేసిన ఎంసీఆర్ చెప్పులు వేయించండి, ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా ఇస్తారు. రోజూ సాయంత్రం అరికాళ్లు మీరే చూడండి. వేడి టీ స్టీలు గ్లాసులో ఇవ్వకండి, అరచేయి కాలి బొబ్బ లేచాకే ఆయనకు తెలుస్తుంది. పిడి ఉన్న కప్పు మంచిది.

బంధువులకు ఒక మాట. రోగులను వేరుగా ఉంచమన్న 1898 నాటి చట్టాన్ని పార్లమెంటు 2016లో రద్దు చేసింది. కుష్ఠును విడాకులకు కారణంగా చూపే వీలును తీసేసింది మాత్రం 2019లో! చట్టమే అంత ఆలస్యం చేస్తే బంధువులను ఏమనగలం? ఇంట్లో ఎవరికైనా స్పర్శ లేని మచ్చ కనిపిస్తే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించండి, మందులు ఉచితం.

ఇక ఆ గ్లాసు. ఇంటికొచ్చాక కూడా ఆయన విడిగానే బోర్లిస్తారు, అన్నేళ్ల అలవాటు. మీరు ఏమీ అనకుండా దాన్ని తీసి మీ గ్లాసుల మధ్య పెట్టండి.