పెరోల్ మీద కోపంతో లా చదవొచ్చా?

ప్రశ్న: ఇంటర్ రెండో సంవత్సరం సీఈసీ చదువుతున్నాను. ఘోరమైన నేరాలు చేసినవాళ్లు కూడా పెరోల్ మీద బయటికి వస్తున్నారని చదివితే ఒళ్లు మండుతోంది. లా చదివి దీన్ని మార్చాలని ఉంది. అమ్మేమో బీకాం చేసి బ్యాంకు పరీక్షలు రాయమంటోంది. - ఒక విద్యార్థి, ఖమ్మం

జవాబు: నీ కోపంలో న్యాయం ఉంది బాబూ. కాకపోతే అది దేని మీదో ముందు తేల్చుకో. పెరోల్ శిక్ష తగ్గింపు కాదు. ఇంట్లో చావో పెళ్లో ఉంటే కొద్దిరోజులు పంపి, మళ్లీ లోపలికి రప్పిస్తారు. శిక్ష పూర్తికాకముందే వదిలేయడాన్ని రెమిషన్ అంటారు. మరణశిక్షకు వీలున్న నేరంలో యావజ్జీవం పడితే, 14 ఏళ్లు జైల్లో గడిపేదాకా రెమిషన్‌తో వదలకూడదని చట్టం. యావజ్జీవమంటే 14 ఏళ్లేనని జనం అనుకునేది ఇందుకే. నిజానికి అది బతికినంత కాలం.

2002 గుజరాత్ అల్లర్లలో సామూహిక అత్యాచారానికి గురై, కుటుంబ సభ్యులను పోగొట్టుకున్న బిల్కిస్ బానో కేసు తీర్పు తప్పకుండా చదువు. 2022 ఆగస్టు 15న గుజరాత్‌లో ఆ కేసు దోషులు 11 మంది రెమిషన్‌తో విడుదలయ్యారు. దేశంలో ఎంతోమంది మండిపడ్డారు. 2024 జనవరి 8న సుప్రీంకోర్టు ఆ విడుదలను రద్దు చేసి, రెండు వారాల్లో లొంగిపోమంది. అక్కడ కీలకమైన పాయింటు ఏమిటో తెలుసా? విచారణ జరిగి శిక్ష పడింది ముంబైలో. కాబట్టి రెమిషన్ సంగతి తేల్చాల్సింది మహారాష్ట్ర ప్రభుత్వం, గుజరాత్ కాదు. అలాంటి పాయింటు పట్టుకోవాలంటే చట్టం క్షుణ్ణంగా తెలియాలి. నువ్వు లా చదవాలని నేననేది అందుకే.

ఇంటర్ తర్వాత ఐదేళ్ల లా కోర్సుకు ప్రవేశ పరీక్షలుంటాయి. జాతీయ స్థాయి క్లాట్ రాస్తే హైదరాబాద్‌లోని నల్సార్ లాంటి జాతీయ లా యూనివర్సిటీలు, రాష్ట్ర స్థాయి లాసెట్ రాస్తే రాష్ట్రంలోని లా కాలేజీలు. జాతీయ యూనివర్సిటీల్లో ఏడాది ఫీజే లక్షల్లో ఉంటుంది, ఇంట్లో ముందే మాట్లాడుకోండి. అమ్మ టెన్షన్ కూడా అర్థం చేసుకో. జూనియర్ లాయర్‌గా మొదటి కొన్నేళ్లు సంపాదన అంతంతమాత్రమే. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీస్ ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. డబ్బు ఇబ్బంది ఉంటే బీకాం తర్వాత మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చెయ్యి, ఐదేళ్ల కోర్సు కన్నా ఒక ఏడాది ఎక్కువ పడుతుంది, అంతే. జైళ్ల శాఖలో డిప్యూటీ జైలర్ పోస్టులకైతే డిగ్రీ చాలు.

ఒకటి బాగా ఆలోచించుకో. రేపు పెరోల్ అడిగే ఖైదీయే నీ క్లయింట్ కావచ్చు. తల్లి మంచంలో ఉందని అతను ఏడిస్తే, అతని తరఫున మనసుపెట్టి వాదించగలవా? ఈ సెలవుల్లో జిల్లా కోర్టుకు వెళ్లి కొన్ని రోజులు విచారణలు చూడు. వీలైతే అమ్మనూ తీసుకెళ్లు.